రోజుకు మూడు, ఆదివారం ఐదు: బైబిల్ పఠన పట్టికకు వ్యాఖ్యానం

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిశాక మన సంఘాల్లో చేతికందే పఠన పట్టికల్లో సూచన ఇంచుమించు ఒకేలా ఉంటుంది: ఇంటిల్లిపాదీ, రోజుకు మూడు అధ్యాయాలు, ఆదివారం ఐదు, వరుసగా చదివి, గడిలో టిక్కు పెట్టాలి. కోవూరు పాఠకుడి కోసం ఆ మాటలకు కొంచెం వివరణ.

ఇంటిల్లిపాదీ: శామ్యూల్ డే 1840లో నెల్లూరులో బాప్టిస్టు మిషన్ మొదలుపెట్టేనాటికి పూర్తి తెలుగు బైబిలు అచ్చులోనే లేదు. చదువు వచ్చినవాళ్లూ తక్కువే. ఒకరు చదివితే మిగతావాళ్లు వినాలి. ఇప్పుడు ఎవరి ఫోన్లో వాళ్లు చదువుకుంటున్నారు గానీ, చూపు ఆనని అవ్వకు నేటికీ ఎవరో ఒకరు పైకి చదివి వినిపించాల్సిందే.

మూడు, ఐదు: ప్రొటెస్టెంటు బైబిల్లో 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. వారానికి 23 చొప్పున 52 వారాలకు 1,196. లెక్క సరిపోయింది, ఏడు మిగిలాయి కూడా. అయితే అధ్యాయాలన్నీ ఒక్క కొలతవి కావు. 117వ కీర్తనలో ఉన్నవి రెండే వచనాలు, 119లో 176. పెన్నా దాటి నెల్లూరులో పనికి వెళ్లేవాళ్లు ఆ పెద్ద కీర్తనను రెండు పూటలుగా చదువుకుంటే తప్పేమీ లేదు.

వరుసగా: చిక్కంతా ఇక్కడే. ఆదికాండము 50, నిర్గమకాండము 40 అయ్యేసరికి జనవరి చివరికొస్తుంది. ఆపైన లేవీయకాండము. బలులు, కొవ్వు, రక్తం, కుష్ఠు లక్షణాలు. చాలామంది పట్టిక మడిచిపెట్టేది ఈ వారంలోనే. ఇంకొన్ని రోజులు ఓపిక పడితే, ఫిబ్రవరి మొదట్లో 19వ అధ్యాయం వస్తుంది. పొలం ఓరలదాకా కోయవద్దని, రాలిన పరిగె ఏరుకోవద్దని, అది బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టమని అందులో ఆజ్ఞ. వరి పండించే కోవూరుకు దీని అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు. కోతయంత్రం దిగాక పరిగె ఏరేవాళ్లకు దక్కేదెంత అని చేను గలవాళ్లు ఒకసారి ఆలోచించాలి. నన్నడిగితే ఈ ఒక్క అధ్యాయానికి ఒక రోజంతా ఇవ్వాలి, మిగతా రెండూ రేపటికి పోయినా సరే.

టిక్కు: స్కాట్లండులోని డండీలో రాబర్ట్ మర్రే మెక్‌షేన్ 1842లో తన సంఘానికి ఒక పట్టిక తయారుచేశాడు. కొత్త నిబంధన, కీర్తనలు ఏడాదికి రెండుసార్లు, మిగతాది ఒకసారి పూర్తయ్యేలా దాన్ని అమర్చాడు. దానితోపాటే ముప్పులనూ చెప్పాడు: చదువు మొక్కుబడి కావచ్చు, చదివామన్న గర్వం రావచ్చు, కొందరికి భారమే కావచ్చు. గడులు నింపే తొందరలో ఉన్నవాళ్లకు ఆ హెచ్చరిక ఇప్పటికీ పనికొస్తుంది.

తేదీ: సూచనలో లేకపోయినా ప్రతి గడి పక్కనా ఉంటుంది. జ్వరంతో నాలుగు రోజులు పడుకుంటే పన్నెండు అధ్యాయాలు బాకీ పడతాయి. ఆ బాకీ ఒక్కసారిగా తీర్చబోయి అసలుకే మానేస్తారు. వచ్చే ఏటి పట్టిక అచ్చు వేయించే సంఘ పెద్దలకు మనవి: తేదీలు తీసేసి, 1 నుంచి 365 దాకా అంకెలు మాత్రమే వేయించండి. ఎక్కడ ఆగినవాళ్లు అక్కడినుంచే మొదలుపెట్టుకుంటారు.