గణిత బోధనలో రచన

విద్యార్థి తాను చేసిన లెక్కకు కారణాన్ని, తనకు కలిగిన సందేహాన్ని సొంత వాక్యాలలో రాస్తూ గణితాన్ని నేర్చుకొనే పద్ధతిని గణిత బోధనలో రచన అంటారు. ఇది నోటుపుస్తకంలో లెక్కను ఎక్కించుకోవడం కాదు. జవాబు మాత్రమే చూసి మార్కులు వేసే పద్ధతిలో కనబడని ఆలోచనను బయటపెట్టడం దీని ముఖ్య ప్రయోజనం.

చరిత్ర

రచన నేర్చినదాన్ని చెప్పే సాధనం మాత్రమే కాదని, అది నేర్చుకొనే విధానం కూడానని అమెరికాకు చెందిన జానెట్ ఎమిగ్ 1977లో ఒక వ్యాసంలో వాదించారు. అక్కడి గణితోపాధ్యాయుల జాతీయ మండలి 1989లోను, 2000లోను వెలువరించిన ప్రమాణాలలో గణిత భావాల వ్యక్తీకరణకు చోటు కల్పించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012 నుండి వచ్చిన గణిత పాఠ్యపుస్తకాలలో "వ్యక్తపరచడం" ఒక విద్యా ప్రమాణంగా చేరింది.

తరగతి గదిలో

1/2 + 1/3 = 2/5 అని రాసిన విద్యార్థికి తప్పు గుర్తు పెట్టి 5/6 అని సరిదిద్దినంత మాత్రాన పొరపాటుకు మూలం తెలియదు. "పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడినాను" అని అతడు రాసినపుడు, భిన్నాన్ని ఒకే సంఖ్యగా కాక విడివిడి సంఖ్యల జతగా చూస్తున్నాడని తెలుస్తుంది. "సగానికి మరికొంత కలిపితే వచ్చేది సగం కన్నా ఎక్కువా, తక్కువా? ఎందుకు?" అని రాయమంటే తన తప్పును తానే పట్టుకొనే అవకాశం ఉంది.

సరైన జవాబు వెనుక కూడా తప్పు ఆలోచన దాగి ఉండవచ్చు. 0.35, 0.2 లలో మొదటిది పెద్దదని చెప్పి, "35 రెండు కన్నా పెద్దది కనుక" అని కారణం రాసిన విద్యార్థి 0.35, 0.4 లను పోల్చేటపుడు తప్పుతాడు. కారణం అడగకపోతే మొదటి జవాబుకు పూర్తి మార్కులే పడతాయి.

లెక్కకు తగిన కథను అల్లమనడం మరొక పద్ధతి. 6 ÷ 1/2 కు ఆరు రొట్టెలను ఇద్దరికి పంచిన కథ రాస్తే జవాబు 3 అవుతుంది, 12 కాదు. ఆరు రొట్టెలలో ఎన్ని సగం ముక్కలున్నాయన్నది సరిపోయే కథ. పాఠం చివర ఐదు నిమిషాల రాత, గణిత దినచర్య వంటివి కూడా వాడుకలో ఉన్నాయి.

పరిమితులు

లెక్క తెలిసినా భాష రాని పిల్లలు ఈ పద్ధతిలో నష్టపోతారు. ఇంటి భాష ఒకటి, బడి భాష వేరొకటి అయినచోట ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. అందుచేత బొమ్మలను, ఇంటి మాటలను అనుమతించాలి. అక్షరదోషాలకు మార్కులు తగ్గించరాదు. పిల్లలు ఎక్కువగా ఉన్న తరగతిలో అన్ని పుస్తకాలూ రోజూ దిద్దడం అసాధ్యం కనుక రోజుకు కొన్ని చదివితే చాలు. గైడులోని వివరణను కంఠస్థం చేసి రాసిన సమాధానం ఎంత పొడవుగా ఉన్నా ఈ కోవకు రాదు.