మద్రాసు బుల్లెట్టు

కృష్ణ యొడ్డున చెవిటికల్లులో, ఒక వసారాలో గోనెపట్టా క్రింద పాత బుల్లెట్టు మోటారుసైకిలు ఏండ్ల తరబడి నిలిచియున్నదనుకొందము. దాని వెనుక నొక చరిత్ర యున్నది.

1955లో మద్రాసు మోటార్స్‌వారు ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డుతో కలసి ఎన్‌ఫీల్డు ఇండియాను స్థాపించిరి. మొదట విడిభాగములు ఓడలపై వచ్చెడివి. క్రమముగా తిరువొత్తియూరులోనే తయారైనవి. 1967లో రెడిచ్‌లోని మాతృకర్మాగారము మూతపడెను. బుల్లెట్టు మాత్రము మద్రాసులో బ్రతికెను. కనుకనే పాతబండికి నేటికిని విడిభాగములు దొరకుచున్నవి.

అయినను వెంటనే కిక్కు కొట్టరాదు. ప్లగ్గు విప్పి, సిలిండరులో కొంచెము నూనె పోసి, ఒక రాత్రి నాననిచ్చి, ఇంజనును మెల్లగా త్రిప్పవలెను. జిగురైన పెట్రోలును తీసివేసి, కార్బురేటరు జెట్టులను కడుగవలెను. పాయింట్ల చిలుమును తుడువవలెను. తొందరపడినచో రింగు విరిగి సిలిండరు గీసికొనిపోవును. ఇన్నేండ్లు నిలిచిన యంత్రము ఒక్క తన్నుతో చెడును.