గౌతమీ ముఖమున లంకలు, తిప్పలు: యానాం పరిసర గ్రామనామములు

గోదావరి ధవళేశ్వరము దిగువను గౌతమి, వసిష్ఠ అను పాయలుగా చీలి సముద్రమును చేరుచున్నది. ఈ రెండు పాయలకును కడలికిని నడుమ నున్న మూల భూమి కోనసీమ. దాని కెదురుగా, గౌతమి ఉత్తరపు టొడ్డున, కోరంగి పాయ విడివడు చోట యానాం ఉన్నది. పుదుచ్చేరి పాలనలోని ఈ తెలుగు పట్టణమునకు రాజధాని ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరము. కోనసీమ గట్టు మాత్రము కంటి కానినంత దూరముననే కలదు. యానాం చరిత్ర వ్రాసిన వారిలో పెక్కురు ఫ్రెంచివారి రాకతో మొదలిడి వారి పోకతో ముగింతురు. ఆ రెండు తేదీల నడుమ ఇమడని చరిత్ర ఇచ్చటి ఊరి పేళ్లలో నున్నది.

ఈ పేళ్లను పెట్టినవారు నీటిని కనిపెట్టి బ్రదికినవారు. నది మేట వేయగా ఏర్పడి, సాగునకో మేతకో పనికివచ్చు నేల లంక. ఉప్పునీటి చెంత ఇసుకయు ఒండ్రును పోగుపడిన మిట్ట తిప్ప. నది కడలిలో కలియు చోటు మొగ. పడవ ఆగు చోటు రేవు. సంస్కృత ద్వీప శబ్దము దీవియై గుత్తెనదీవి వంటి పేళ్లలో నిలిచినది. పశువుల్లంక, గేదెల్లంక అను పేళ్లు వినగానే, ఇండ్లు లేవకముందు ఆ నేలపై మేసినవేవో తెలియును. బలుసుతిప్పలో బలుసు చెట్టున్నది, తాళ్లరేవులో తాడిచెట్టున్నది. యానాంలోని దరియాలతిప్ప నేడు తిప్పవలె కనబడకపోవచ్చును గాని, ఆ నేల ఒకనాడు నీటి నడిమి మిట్ట యని దాని పేరే చెప్పుచున్నది. అడవిపొలము అను పేరు చెంత వ్యాఖ్యాన మనవసరము.

వీటిలో ఎక్కువ ఆలోచింపజేయునది ఎదుర్లంక. ఎదుట నున్న లంక యని అర్థము స్పష్టమే. అయితే ఎవరికి ఎదురు? ఆ గట్టున కాపురముండువాడు తన ఊరిని తానే ‘ఎదురు’ అనుకొనడు. యానాం వైపు గట్టుపై నిలిచి నది మీదుగా చూచినవాని నోట పుట్టిన పేరనుటయే సమంజసము. అనగా రెండు గట్టులను ఒకే చూపుతో చూచిన కాలపు మాట యిది. తరువాత నదికి ఈవల ఫ్రెంచి జెండాయు, ఆవల ఇంగ్లీషు జెండాయు నిలిచినను, ఆ పేరు మారలేదు. పంటుపై దాటినవారు దానినే పలికిరి. 2002లో వారధి వచ్చిన పిదపను దానినే పలుకుచున్నారు.

ఫ్రెంచివారు యానాంలో 1723లో వర్తకస్థానము నెలకొల్పి, 1727లో విడిచి, 1731లో తిరిగి స్థాపించిరి. చెంతనే ఇంజరములో ఇంగ్లీషువారి వర్తకశాల ఉండెను. ఉభయులకును కావలసినది ఈ సీమ నేతగాండ్ర బట్టయే. యుద్ధము వచ్చినప్పుడెల్ల యానాం ఇంగ్లీషువారి చేజిక్కుచు, సంధి కాగానే మరలివచ్చుచుండెను. ఫ్రెంచివారు దానిని ‘యనాఁవ్’ అని వ్రాసికొనిరి. ఊరివారు యానాం అనుట మానలేదు.

ఊరికి మారుపేరు తెచ్చినది మాత్రము ఇంగ్లీషువారి శాసనమే. 1929లో చేయబడి 1930 ఏప్రిలు 1 నుండి అమలైన శారదా చట్టము, పదునాలుగేండ్లు నిండని బాలికకును పదునెనిమిదేండ్లు నిండని బాలునికిని వివాహము కూడదన్నది. ఫ్రెంచి హద్దులో ఆ చట్టము చెల్లదు. చుట్టుప్రక్కల వారు పసిపిల్లలను వెంటబెట్టుకొని యానాం వచ్చి పెండ్లిండ్లు చేసికొని పోవుచుండగా, దానికి కల్యాణపురమను పేరు వచ్చినది. వినుటకు శుభప్రదమైన ఈ పేరు వెనుక ఎందరి బాల్యము పోయినదో తలచికొనక దానిని వేడుకగా చెప్పుట తగదు. 1954 జూన్ 13న యానాం విమోచనమైనది. 1962 ఆగస్టు 16న న్యాయతః భారతదేశమున చేరినది. కల్యాణపురమను మాట పెద్దల ముచ్చటలకు పరిమితమైనది.

కోరంగి పేరు కథ వేరు. సప్తగోదావరులలో ఆత్రేయగా చెప్పబడు పాయ అక్కడ సాగరము చేరును. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవది. 1789లోను 1839లోను వచ్చిన తుపానులు దానిని నేలమట్టము గావించెను. ఊరు చిక్కిపోయినను పేరు సముద్రము దాటినది: బర్మా పోయిన తెలుగువారిని అచ్చట, ఏ ఊరివారైనను, కోరంగీలనిరి. కాకినాడ అఖాతమునకు అడ్డముగా గత రెండు శతాబ్దులలో నది ఒండ్రుతో పెరిగిన ఇసుక దీవికి మాత్రము హోప్ ఐలండ్ అను ఇంగ్లీషు పేరే నిలిచినది.

కచేరీలు పెట్టిన పేళ్లలోను విచిత్రములు లేకపోలేదు. గోదావరి ఎగువన మరియొక పోలవరమున్నందున, కోనసీమ పోలవరమునకు ముందు ‘ఐ’ చేర్చిరి. ఐలండ్ అను మాటకు అది పొడియక్షరము. తెలుగున దీవి, లంక అను పదములుండగా ఈ ఒక్క ఇంగ్లీషక్షరమును మోయవలసివచ్చిన ఊరది. దాని అర్థ మెరుగక పలుకువారే ఎక్కువ. ముమ్మిడివరము చెంత ‘లంక ఆఫ్ ఠానేలంక’ యని రెవెన్యూ గ్రామ మొకటి కలదు. లంకకు మరల లంక! హాస్యాస్పదముగా తోచినను, ఒక లంక స్థిరపడి ఊరైన పిదప దాని చెంత మరియొకటి లేచునన్న నిజము ఆ వింత సమాసములో ఇమిడియున్నది.

ఇచ్చిన నేలను నది తిరిగి తీసికొనుట కూడ కలదు. ఎదుర్లంక, గోగుళ్లంక ప్రాంతములలో గట్టు కోతకు గురియై కొబ్బరితోటలు గౌతమిలో కలిసినవి. అట్టి రైతు చేతిలో పట్టా మిగులును. అందు వ్రాసిన నేల నీటి అడుగున ఉండును. ఆ నేలను గుర్తించుటకు రైతునకు మిగులునది దాని పేరొక్కటే. కచేరీ కాగితములలో ఒక్కొక్క భాషవారు ఒక్కొక్క తీరున వ్రాసిన పేరును తెలుగున సరిగా వ్రాయించుట పండితుల వినోదము కాదు, కమతము గలవాని అవసరము.

తిప్ప అను మాటలో హెచ్చరికయు నున్నది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను ఈ తీరమును దాటినప్పుడు, మొగ చెంతనున్న బలుసుతిప్ప, భైరవపాలెముల బెస్తవారు పెక్కుమంది వేటకు పోయి తిరిగి రాలేదు.