గట్టింగ్

తిరువూరు కుర్రాళ్లయినా, విజయవాడ కోర్టుల్లో ఆడే పెద్దలయినా రాకెట్ తీగ తెగితే అనే మాట ఒక్కటే: "గట్టింగ్ చేయించాలి."

ఇంగ్లీషులో గట్ అంటే పేగు. ఫ్రాన్సులోని లియోన్‌లో బాబోలా సంస్థ 1875లో టెన్నిస్ కోసం పేగు తీగలు తయారుచేసింది. మొదట్లో గొర్రె పేగులు వాడేవారు, తర్వాత ఆవు పేగులు వచ్చాయి. ఈ తీగలను 'క్యాట్‌గట్' అన్నా, పిల్లికి ఇందులో సంబంధం లేదు. నైలాన్, పాలిస్టర్ వచ్చి పేగును పక్కకు నెట్టేశాయి. మన దగ్గర మాత్రం మాట నిలిచిపోయింది. తీగను గట్ అన్నాం, తీగలు బిగించే పనికి గట్టింగ్ అని పేరు పెట్టుకున్నాం.

పేరు ఒక్కటైనా గుణాలు వేరు. పేగు తీగ మెత్తగా ఉండి బిగువు బాగా నిలుపుకుంటుంది, కానీ ఖరీదెక్కువ, తడి పడదు. పాలిస్టర్‌తో స్పిన్ బాగా పడుతుంది, కానీ మోచేతికి భారం, బిగువు త్వరగా సడలుతుంది. నేర్చుకునే పిల్లలకు నైలానే మేలు. టెన్నిస్ రాకెట్‌కైతే 50 పౌండ్ల బిగువు దగ్గర మొదలుపెట్టండి. బిగువు తగ్గిస్తే బంతి దూరం పోతుంది, పెంచితే అదుపు దొరుకుతుంది. గట్టింగ్‌కు ఇచ్చేటప్పుడు ఏ తీగ, ఎన్ని పౌండ్లు అన్నది మీరే చెప్పండి.