కార్జపు జలగ

అప్పు వసూలుకొచ్చి గుమ్మం వదలనివాణ్ణి ‘జలగలా పట్టుకున్నాడు’ అంటాం. కైకలూరు, ఆకివీడు వైపు కొల్లేటి పల్లెల్లో గేదెలు మేపేవాళ్లకు జలగలు రెండు రకాలు. బురదలో దిగితే పొదుగుకు అంటుకునేది ఒకటి. కార్జంలో కాపురం పెట్టేది ఇంకోటి.

మొదటిదాన్ని సంస్కృతం ‘జలౌకస్’ అంటుంది, నీరే ఇల్లుగా గలది అని. చెడు రక్తం తీయడానికి సుశ్రుతుడు పట్టించమన్నది దాన్నే. రెండోది అసలు ఆ జాతే కాదు, చదునైన పురుగు. జబ్బు పడ్డ కార్జాన్ని కోస్తే పిత్తనాళంలోంచి తడిసిన ఆకులా జారుతుంది. నోటి దగ్గరొకటి, పొట్ట కిందొకటి పట్టుగిన్నెలున్నాయి గనక పేరు అతికింది. జర్మన్లదీ ఇదే చూపు: వాళ్ల ‘లేబర్ఎగెల్’ అంటే కార్జపు జలగే. ఇంగ్లీషు ‘ఫ్లూక్’ మాత్రం మొదట ఓ బల్లపరుపు చేప పేరు!

తమాషా ఏమిటంటే, మన గేదెల జలగకు చేపతో పనే లేదు. పేడలోని గుడ్డు నీళ్లలో పిల్లై, నత్తలో పెరిగి, గడ్డికి అంటుకుని మళ్లీ గేదె నోటికి చేరుతుంది. ఈశాన్య థాయ్‌లాండ్‌లో దీని దాయాది నత్త నుంచి చేపలోకి, పచ్చి చేప తినే మనిషిలోకి వెళ్తుంది. కొల్లేటి చేప పులుసులో కుతకుత ఉడికాకే కంచంలోకొస్తుంది. ఆ వేడికి అలాంటి జలగ బతకదు.

గేదె చిక్కిపోయి, దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడితే పశువుల డాక్టరు ‘ఫేసియోలోసిస్’ అని రాస్తారు. రైతుకు అది జలగ వ్యాధి.