బంధువర్గం, పండుగ, చట్టం: తెలంగాణ గ్రామీణ క్రైస్తవ కుటుంబాల క్రిస్మస్ – ఒక పరిశీలన

తెలుగునాట క్రైస్తవ చరిత్రను గురించిన రచనల్లో మిషనరీల సేవ, బైబిలు అనువాదం, విద్యాలయాలు, వైద్యశాలలు ప్రధాన స్థానం పొందాయి. పండుగను చారిత్రక ఆధారంగా గ్రహించిన పరిశీలనలు అంతగా కనిపించవు. తెలంగాణ పల్లెల్లో క్రిస్మస్ డిసెంబరు తొలినాళ్ల నుంచి జనవరి మొదటివారం దాకా సాగుతుంది. ఆడపడుచులు, అల్లుళ్లు, పాలివారు, వలసవెళ్లిన కొడుకులు ఒక్క గడపకు చేరుతారు. ఈ పండుగకు బంధువర్గ స్వరూపం ఎట్లా ఏర్పడింది? క్రైస్తవం ఇక్కడ బంధుత్వ మార్గంలో వ్యాపించడమే అందుకు మూలమనీ, ఆ బంధువర్గాన్నే స్వాతంత్ర్యానంతర చట్టం కాగితం మీద విభజించిందనీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

బంధుత్వ మార్గంలో మతం

ప్రొటెస్టెంటు సిద్ధాంతం ప్రకారం విశ్వాసం వ్యక్తి నిర్ణయం. తెలుగు పల్లెల్లో మాత్రం ఆ నిర్ణయం వాడకట్టు మొత్తంగా జరిగింది. కోస్తాలోని ఒంగోలు ప్రాంతం ఇందుకు తొలి ప్రబల నిదర్శనం. తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ కులస్థుడు యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొందాడు. తోళ్ల వ్యాపారం మీద ఊరూరా తిరిగిన ఆయన ద్వారా కొత్త మతం మొదట చేరింది ఆయన బంధువుల ఇళ్లకే. 1876–78 నాటి మహాకరవు ముగిసే వేళ, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. జె. వాస్కం పికెట్ 1933లో ప్రచురించిన సామూహిక మతాంతరీకరణల అధ్యయనం కూడా బంధువర్గానికీ కులానికీ ఈ ఉద్యమాల్లో ఉన్న పాత్రను చర్చించింది.

నిజాం రాష్ట్రంలోని తెలంగాణలో వెస్లియన్ మెథడిస్టు, ఆంగ్లికన్ మిషన్ల అనుభవమూ ఇందుకు భిన్నం కాదు. మాల, మాదిగ వాడల్లో కుటుంబాలు కుటుంబాలుగా సంఘంలో చేరాయి. ఇట్లా చేరినవారికి సంఘమంటే ముందునుంచీ ఇచ్చిపుచ్చుకోవడాలున్న బంధువుల సమూహమే. కాబట్టి సంఘపు పండుగ సహజంగానే బంధువుల పండుగ అయింది.

మెదక్, డోర్నకల్: పండుగ కాలం

మెదక్‌లో చార్లెస్ వాకర్ పాస్నెట్ నేతృత్వంలో 1914లో ప్రారంభమైన మహాదేవాలయ నిర్మాణం కరవుకాలపు కూలీలకు పనీ తిండిగింజలూ సమకూర్చింది. ఆ ఆలయాన్ని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. ప్రతిష్ఠాదినమే క్రిస్మస్ కావడంతో పండుగకు ఒక యాత్రాస్థలం ఏర్పడింది. పల్లెల నుంచి ఇంటిల్లిపాదీ తరలివచ్చి, ఆవరణలో వండుకొని, బంధువులను కలుసుకొని, వేకువజామున ఆరాధనలో పాల్గొనే పద్ధతి స్థిరపడింది. జాతరలో మనకు పరిచితమైన కుటుంబయాత్రా సంప్రదాయం ఇక్కడ కొత్త దేవాలయాన్ని ఆశ్రయించింది.

డోర్నకల్ ఈ కాలాన్ని మరికొంత విస్తరించి చూపుతుంది. తమిళదేశం నుంచి వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. ఆయన కట్టించిన ప్రధానాలయం ఎపిఫనీ, అనగా ప్రభువు ప్రత్యక్షతా పండుగ, పేరుమీద 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైంది. దేవాలయపు స్తంభాలను, మసీదు గుమ్మటాలను తలపించే ఆ కట్టడం స్థానిక రూపాలపట్ల ఆయన దృక్పథానికి సాక్ష్యం. ఆంగ్లికన్ పంచాంగం ప్రకారం ఆగమన కాలపు నాలుగు ఆదివారాలు, క్రిస్మస్, దాని వెంట పన్నెండు రోజులు, ఆపై ఎపిఫనీ వస్తాయి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు మెదక్ మెథడిస్టులూ డోర్నకల్ ఆంగ్లికన్లూ ఒకే సంఘ వ్యవస్థలోకి వచ్చారు.

అయితే పంచాంగం కాలాన్ని ఇచ్చిందే గాని, ఆ కాలాన్ని నింపింది కుటుంబమే. సెమీ క్రిస్మస్ కూడికలు, ఇంటింటికీ తిరిగే రాత్రి పాటల బృందాలు, ఇంటిమీద కట్టే నక్షత్రం, కొత్తబట్టలు, అరిసెలు, పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డకు పెట్టుపోతలు, ఇరుగుపొరుగు హిందూ ముస్లిం ఇళ్లకు పంచే పిండివంటలు, డిసెంబరు 31 రాత్రి ఆరాధన – వీటిలో అధికభాగం చర్చి శాసించినవి కావు. పుట్టింటి మర్యాదలు సంక్రాంతికీ దసరాకూ ఎట్లా పాటిస్తారో క్రిస్మస్‌కూ అట్లాగే పాటిస్తారు.

ఈ బలానికి మరో పార్శ్వం ఉంది. బంధువర్గం కులం హద్దుల్లో ఏర్పడుతుంది. ఒకే పాత్రలో ప్రభురాత్రి భోజనం తీసుకున్న మాల, మాదిగ కుటుంబాలు పండుగ విందుకు చాలాచోట్ల తమ తమ బంధువుల మధ్యనే కూర్చున్నాయి. కులాన్ని విడిచిపెట్టాలని అజరయ్య పట్టుబట్టినా, పెళ్లిసంబంధాల వ్యవస్థ అంత తొందరగా మారలేదు.

ఇచ్చోడ ప్రాంతం: కాగితం మీది కుటుంబం

నిర్మల్, ఆదిలాబాద్‌ల మధ్య 44వ జాతీయ రహదారిపై ఉన్న ఇచ్చోడ పరిసరాల్లో గోండు గూడేలు, లంబాడా తండాలు, బహుకుల గ్రామాలు పక్కపక్కనే ఉన్నాయి. వంశమంతా కలిసి పండుగ చేయడం ఇక్కడ కొత్త విషయం కాదు. పొరుగున ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో మెస్రం వంశీయులు పుష్యమాసంలో నాగోబాను కొలుస్తారు. కొత్తకోడళ్లను దేవుని ఎదుట పరిచయం చేసే ‘భేటింగ్’తో ఆమె వంశంలో సభ్యురాలవుతుంది. క్రైస్తవ వ్యవస్థల్లో ఈ జిల్లాకు కొత్త కేంద్రం 1999లో వచ్చింది. చాందా నుంచి విడివడిన సీరో మలబారు కతోలిక ఆదిలాబాదు మేత్రాసనం మంచిర్యాల కేంద్రంగా ఏర్పడింది. డిసెంబరు ఇక్కడ పత్తితీతల కాలం. పగటి కూలిని వదులుకోలేని కుటుంబాలకు రాత్రి కూడికలే పండుగకు అనువైనవి.

చట్టం ఈ ప్రాంతపు కుటుంబాలను రెండు విధాలుగా చూస్తుంది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడవ పేరా ఆ హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. క్రైస్తవులకు విస్తరించలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1970లో దళిత క్రైస్తవులను వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గంలో చేర్చి ఒక శాతం రిజర్వేషను కల్పించారు. షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో ఇటువంటి మతనిబంధన లేదు. అందువల్ల మతం మారిన గోండు, లంబాడా కుటుంబం తెగ హోదాను కోల్పోదు. ఊరి దళిత కుటుంబం పరిస్థితి వేరు. అన్న ధ్రువపత్రంలో హిందువు, తమ్ముడు ‘బీసీ–సి’ క్రైస్తవుడు కావచ్చు. చదువు, ఉద్యోగం, స్థానిక ఎన్నికల్లో పోటీ, అత్యాచార నిరోధక చట్టపు రక్షణ ఆ ఒక్క పదం మీద ఆధారపడతాయి. క్రిస్మస్ రాత్రి వారిద్దరూ ఒకే తల్లి వడ్డించిన అన్నం తింటారు.

ముగింపు

జనాభా లెక్కల్లోని క్రైస్తవుల సంఖ్యను మాత్రమే ఆధారం చేసుకుంటే ఈ తల్లి వంటింటిని చరిత్రకారుడు చూడలేడు. నమోదైన మతానికీ ఆచరించే మతానికీ మధ్యనున్న అంతరాన్ని గ్రహించడానికి బాప్తిస్మపు పుస్తకాలు, పెళ్లి శుభలేఖలు, కీర్తనల పుస్తకాల తొలిపుటల్లో రాసుకున్న వంశవివరాలు, పెద్దల మౌఖిక కథనాలు ఉపకరిస్తాయి. వీటిని సేకరించేవారు ఒక నైతిక బాధ్యతను కూడా వహించాలి. పండుగకు వచ్చినవారి పేర్లను బయటపెట్టడం వారి ధ్రువపత్రానికే ముప్పు తేవచ్చు. కనుక పేర్లను గోప్యంగా ఉంచి, బంధుత్వ సంబంధాలను మాత్రం నమోదు చేసే పద్ధతి ఉత్తర తెలంగాణ గ్రామీణ క్రైస్తవ చరిత్ర రచనకు అవసరం.