శోధనా యంత్రపు స్పామ్ శిక్ష నుండి విముక్తి

నియమాలకు విరుద్ధమైన పద్ధతులతో ముందువరుసకు చేరిన వెబ్‌సైటును శోధనా యంత్రము ఫలితాలలో వెనుకకు నెట్టటాన్ని గాని, పూర్తిగా తొలగించటాన్ని గాని స్పామ్ శిక్ష అంటారు. గూగుల్‌లో ఇది రెండు విధాలు. ఉద్యోగులు పరిశీలించి విధించే చర్య సెర్చ్ కన్సోల్‌లో కనబడుతుంది. తప్పు సరిదిద్దిన పిదప పునఃపరిశీలన కోరవచ్చును. అల్గారిథము వలన స్థానం పడిపోతే విన్నపానికి తావు లేదు, సరిదిద్దుకొని వేచియుండవలసినదే.

2006 ఫిబ్రవరిలో బి.ఎమ్.డబ్ల్యు. వారి జర్మనీ సైటును గూగుల్ తొలగించింది. "వాడిన కార్లు" అనే అర్థమిచ్చే జర్మను మాటను పదేపదే నింపిన పేజీలు అందులో ఉండేవి. క్రాలరు వాటిని చదివేది. మనిషి తెరిస్తే జావాస్క్రిప్టు మరో పేజీకి తరలించేది. వీటినే డోర్‌వే పేజీలంటారు. సంస్థ వాటిని తీసివేయగా కొద్ది రోజులలోనే సైటు తిరిగి చేరింది. తప్పు సొంత పేజీలలోనే ఉన్నది గనుక దిద్దుబాటు సులువైనది.

లంకెల విషయం అలా కాదు, అవి ఇతరుల సైట్లలో ఉంటాయి. పాటల సాహిత్యపు సైటు రాప్ జీనియస్, ట్విట్టర్ ప్రచారం ఆశచూపి బ్లాగర్ల చేత లంకెలు పెట్టించుకొని, 2013 డిసెంబరు 25న శిక్షకు గురైంది. లక్షకు పైగా చిరునామాలను ప్రోగ్రాముతో జల్లెడపట్టి, చెడు లంకెలను తీసివేయమని ఆయా యజమానులను కోరింది. మిగిలినవాటిని "డిసవో" ఉపకరణం ద్వారా నిరాకరించింది. 2014 జనవరి 4న ఫలితాలలోకి తిరిగివచ్చింది. 2012 అక్టోబరులో వచ్చిన ఈ ఉపకరణాన్ని జాగ్రత్తగా వాడాలి. మంచి లంకెలను నిరాకరిస్తే ఉన్న స్థానం కూడా పోవచ్చును.